ఇంట్లో కారుకు వ్యాక్స్ చేయడానికి ఏ పాలిషింగ్ మెషీన్ కొనాలి?

వ్యాక్స్ పూయడానికి బలమైన మెషీన్ అక్కర్లేదు. కానీ ఆన్‌లైన్‌లో కార్ పాలిషర్ అని వెతికితే ముందుగా కనబడేవి 1200, 1400 వాట్ల రోటరీలే. వాట్లు పెరిగితే మెరుపు పెరుగుతుందనుకుని చాలామంది వాటినే తెప్పించుకుంటారు. అవి పెయింటు పై పొరను అరగదీయడానికి చేసిన మెషీన్లు. వ్యాక్స్ దేన్నీ అరగదీయదు, పెయింటు మీద పలచటి పొరగా నిలుస్తుందంతే. కాబట్టి వాట్ల లెక్కలోకి పోయే ముందు, మీ కారుకు కావలసింది వ్యాక్సా, పాలిషా అన్నది తేల్చుకోండి.

తేల్చుకోవడం సులువే. కారు కడిగి, ఆరబెట్టి, నీడలోకి తీసుకెళ్లి బానెట్ మీదికి ఫోన్ టార్చి వేయండి. వెలుగు చుక్క చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు కనబడితే అవి స్విర్ల్ మార్కులు. రోజూ పొద్దున్నే ఒకే బకెట్‌లో ఒకే గుడ్డ ముంచి అపార్టుమెంటులో అన్ని కార్లూ తుడిచే చోట ఇవి లేని కారు దొరకడం కష్టం. ఎండు దుమ్ము మీద డస్టర్ లాగినా ఇవే వస్తాయి. వ్యాక్స్ వీటిని కొన్ని వారాలు కప్పి ఉంచుతుంది గానీ తీసేయదు. తీసేయాలంటే పాలిష్‌తో క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీద ఉండే పారదర్శక పై పొరను, ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) అరగదీయాలి. ఫ్యాక్టరీ పెయింటు మొత్తం మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లే. ఎండ నుంచి రంగును కాపాడే రసాయనాలు ఉండేది ఆ పొరలోనే. దాన్ని అతిగా అరగదీస్తే బానెట్, టాప్ మీద తెల్లబారి పొట్టు లేస్తుంది. అప్పుడు మళ్లీ పెయింటు వేయించడం తప్ప దారి లేదు.

మెషీన్ లేకుండానే సరిపోయేవాళ్లు

తెల్ల కారు, చిన్న హ్యాచ్‌బ్యాక్, ఏడాదికి రెండు మూడుసార్లు వ్యాక్స్ మాత్రమే. మీ సంగతి ఇదైతే డబ్బు మిగుల్చుకోండి. చేత్తో పట్టే మెత్తటి ఫోమ్ అప్లికేటరు ఒకటి, 300–400 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మైక్రోఫైబర్ బట్టలు నాలుగు ఉంటే గంటన్నరలో పని అయిపోతుంది. తెలుపు మీద సన్నటి గీతలు కంటికి ఆనవు కాబట్టి పాలిష్ అవసరం కూడా తక్కువే పడుతుంది. మెషీన్‌తో పూసిన వ్యాక్స్ చేత్తో పూసినదానికంటే ఎక్కువ రోజులు ఉంటుందన్న మాట తరచుగా వినబడుతుంది. పొర పలచగా, సమంగా పడితే రెండూ ఒకటే. మెషీన్ వల్ల మిగిలేది సమయం, తప్పేది భుజం నొప్పి. ఇన్నోవా, స్కార్పియో లాంటి పెద్ద బండ్లకు ఆ రెండూ చిన్న విషయాలేం కావు.

నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు కార్ల వాళ్లకు మాత్రం ఏదో ఒకనాడు పాలిష్ అవసరం పడుతుంది. వాళ్లు మెషీన్ కొనేటప్పుడే దాన్ని లెక్కలో పెట్టుకోవాలి.

తొడుగులు వేసే పెద్ద బఫర్

9, 10 అంగుళాల గుండ్రటి స్పాంజికి టవల్ బట్ట లేదా ఊలు తొడుగు తొడిగి వాడే మెషీన్ ఇది. రెండు చేతులతో రెండు పిడులు పట్టుకుంటారు. శక్తి వంద వాట్లకు కొంచెం అటూ ఇటూ. అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా భద్రం. ఎంత నొక్కినా పెయింటుకు హాని చేసేంత బలం దీనికి లేదు. వ్యాక్స్ పరచడానికే తయారైంది, ఆ పని సరిగ్గానే చేస్తుంది.

దీని లోపం కూడా అక్కడే ఉంది. స్విర్ల్ మార్కు ఒక్కటీ తీయలేదు. పది అంగుళాల ప్యాడ్ డోర్ హ్యాండిల్ కిందికి, అద్దాల పక్కకి, బంపర్ మూలల్లోకి పోదు, అక్కడంతా చేత్తోనే. తొడుగు సరిగ్గా బిగించకపోతే తిరిగేటప్పుడు పక్కకు జారి ప్లాస్టిక్ అంచు పెయింటుకు తగులుతుంది. వ్యాక్స్ తప్ప ఇంకేదీ చేయనని గట్టిగా అనుకున్నవాళ్లకు, ముఖ్యంగా పెద్ద బండి ఉన్నవాళ్లకు, ఇది తెలివైన కొనుగోలే. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కు గుచ్చే 12 వోల్టుల రకం వద్దు. కాస్త ఒత్తిడి పడగానే ఆగిపోతుంది. 230 వోల్టులదే తీసుకోండి.

రోటరీ

ప్యాడ్ ఒకే కేంద్రం చుట్టూ గుండ్రంగా, మోటారు బలమంతా నేరుగా పడేలా తిరుగుతుంది. బాష్ జీపీఓ 950, మకిటా 9237సీబీ ఈ కోవవే. పెయింటింగ్ షాపుల్లో రబ్బింగ్ చేసేది వీటితోనే. లోతైన గీతను నిమిషాల్లో దించేస్తాయి, అనుభవం ఉన్న చేతిలో వీటికి సాటి లేదు.

ఇంట్లో వ్యాక్స్ కోసం మాత్రం ఇది కొనొద్దు. ప్యాడ్ ఒకేచోట రెండు మూడు సెకన్లు ఆగితే వేడి పుడుతుంది. బానెట్ మధ్యలో ఆ వేడి రేకులోకి పాకి తగ్గిపోతుంది. డోర్ అంచు, ఫెండర్ మడత, బాడీలైన్ మీద అలా కాదు. అక్కడ పెయింటు ముందే పలచగా ఉంటుంది, ప్యాడ్ బరువంతా సన్నటి గీత మీద పడుతుంది, చూస్తుండగానే ప్రైమర్ బయటపడుతుంది. ప్లాస్టిక్ బంపర్లు వేడిని లాగలేవు కాబట్టి అక్కడ ప్రమాదం మరీ ఎక్కువ. పెయింటు కాలకపోయినా, ఎండలో చూస్తే ప్యాడ్ నడిచిన దారంతా నీడల్లా అలలు కనబడతాయి. వాటినే హోలోగ్రాములు అంటారు. షాపులో రబ్బింగ్ చేయించిన నల్ల కారు నాలుగు కడుగుళ్లకే మసకబారినట్టు కనబడటానికి చాలాసార్లు కారణం ఇదే: పైన పూసిన గ్లేజ్ (గీతలను తాత్కాలికంగా కప్పే పూత) పోయి, కింద రోటరీ మిగిల్చిన గుర్తులు తేలతాయి.

ఇప్పటికే ఇంట్లో రోటరీ ఉంటే, నిమిషానికి 600 చుట్లకు దిగుతుందా లేదా చూడండి. దిగితే అన్నిటికన్నా మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో వ్యాక్స్ పరచడానికి పనికొస్తుంది. కనీస వేగమే 1000 దాటితే వ్యాక్స్ నాలుగు పక్కలా చిమ్ముతుంది.

డీఏ: ఎక్కువమందికి సరైనది

డీఏ అంటే డ్యుయల్ యాక్షన్. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూ, కేంద్రం తప్పి చిన్న వలయంలో ఊగుతుంది కూడా. దీని భద్రతంతా ఒక చిన్న ఏర్పాటులో ఉంది: మోటారు తిప్పేది ఆ ఊపునే, ప్యాడ్ సొంత తిరుగుడు బేరింగు మీద స్వేచ్ఛగా జరుగుతుంది. అంచు మీద ఒత్తిడి ఎక్కువైతే తిరుగుడు ఆగిపోయి ఉత్త ఊపు మిగులుతుంది. కొత్తవాళ్ల చేతిలో పెయింటు కాలకపోవడానికి కారణం అదే. గుర్తులు ఒకే దారిలో పడవు కాబట్టి హోలోగ్రాములూ రావు.

ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మొదటి సంఖ్య త్రో, అంటే ఆ ఊపు వలయం వెడల్పు. 8, 12, 15, 21 మి.మీ.లలో దొరుకుతాయి. 15, 21 మి.మీ. పొడవాటి త్రోలకు పేరు తెచ్చినది ఇటలీ కంపెనీ రుపెస్ తన బిగ్‌ఫుట్ మెషీన్లతో. త్రో పెరిగేకొద్దీ ఒక్కో ఊపులో ప్యాడ్ ఎక్కువ మేర కదులుతుంది, పాలిష్ వేగంగా అవుతుంది. కానీ వంపుల మీద తిరుగుడు త్వరగా ఆగుతుంది. స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లలో చదునైన చోటు తక్కువ, వంపులు ఎక్కువ. వాటికి 8 లేదా 12 హాయి. 15 మి.మీ. కూడా నడుస్తుంది గానీ మంచి తయారీ కావాలి. 21 మి.మీ. ఇంటికి వద్దు. పెద్ద ప్యాడ్, పెద్ద చదునైన ప్యానెల్ ఉన్నప్పుడే దానికి సార్థకత.

మంచి తయారీ అని ఎందుకు అంటున్నామంటే, పొడవాటి త్రో మెషీన్‌లో ప్యాడ్ బరువుకు సరితూగే బరువు ఒకటి లోపల ఎదురుగా తిరుగుతుంది. చవక మెషీన్లలో ఈ తూకం సరిగ్గా కుదరదు. పావుగంటకే అరచేతులు తిమ్మిరెక్కుతాయి, మెషీన్ తన దారిన తాను పాకుతుంటుంది. అందుకే తక్కువ బడ్జెట్‌లో 15 మి.మీ. కంటే 8 మి.మీ. కొనడం మేలని మా అభిప్రాయం. తూకం కొంచెం తప్పినా చిన్న త్రోలో చేతికి అంతగా తెలియదు. అలాగే 5 అంగుళాల ప్లేటుకు (ప్యాడ్‌ను అతికించే పళ్లెం) తూకం వేసిన మెషీన్‌కు 3 అంగుళాలదో 6 అంగుళాలదో బిగిస్తే వణుకు పెరుగుతుంది. అది మెషీన్ చెడిపోవడం కాదు.

రెండో విషయం వేగం. డీఏ మీద రాసి ఉండే 2000–6000 అనేది నిమిషానికి ఊపుల లెక్క, చుట్ల లెక్క కాదు. ప్యాడ్ నిజంగా తిరిగేది అందులో చిన్న భాగమే. కొన్ని ప్రకటనల్లో దీన్నే ఆర్‌పీఎం అని రాసి రోటరీతో పోలుస్తారు. ఆ పోలికకు అర్థం లేదు. వ్యాక్స్‌కు మీరు చూడాల్సింది కింది అంకె: 2000 దగ్గర మొదలవ్వాలి, డయల్‌కు ఐదారు మెట్లుండాలి, స్విచ్ వేయగానే ఎగిరిపడకుండా నెమ్మదిగా అందుకోవాలి.

వాట్లు చివర చూసినా పర్వాలేదు. 500 నుంచి 900 వాట్ల డీఏ ఇంటికి చాలు. బరువు రెండున్నర కిలోల లోపు ఉంటే డోర్ల మీద అడ్డంగా పట్టుకున్నప్పుడు చేతులు లాగవు.

గేరుతో ప్యాడ్‌ను బలవంతంగా తిప్పే డీఏలు కూడా ఉన్నాయి. జర్మనీ కంపెనీ ఫ్లెక్స్ వారి ఎక్స్‌సీ 3401 వీఆర్‌జీ అందులో పేరున్నది, త్రో 8 మి.మీ. తిరుగుడు ఆగదు, పని గట్టిగా చేస్తుంది. ధర ఎక్కువ, అంచుల దగ్గర జాగ్రత్తా ఎక్కువే కావాలి. వ్యాక్స్ కోసం అనవసరం.

వద్దంటే వద్దు

4 అంగుళాల యాంగిల్ గ్రైండర్‌కు పాలిషింగ్ ప్యాడ్ తగిలించడం. గ్రైండర్ వేగం నిమిషానికి 11,000 చుట్ల దాకా ఉంటుంది. అంత వేగానికి తయారు చేయని ప్యాడ్ ప్లేటు నుంచి ఊడి ఎగురుతుంది, పెయింటు క్షణాల్లో కాలుతుంది. స్పీడు డయల్ ఉన్న గ్రైండరైనా కనీస వేగమే వ్యాక్స్‌కు చాలా ఎక్కువ. డ్రిల్లింగ్ మెషీన్‌కు తగిలించే 3 అంగుళాల ప్యాడ్ హెడ్‌లైట్ల పసుపు తీయడానికి ఫర్వాలేదు, కారంతా చేయడానికి కాదు.

కరెంటు సంగతి

సెల్లార్ పార్కింగ్‌లో ప్లగ్ పాయింటు ఎక్కడుందో మెషీన్ కొనకముందే చూసుకోండి. 900 వాట్ల మెషీన్ లాగేది నాలుగు ఆంపియర్లే, మామూలు 6 ఆంపియర్ల సాకెట్ చాలు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ అయితే 1.5 చదరపు మి.మీ. రాగి తీగతో చేయించుకోండి. సన్న తీగలో వోల్టేజి పడిపోయి మోటారు బలం తగ్గుతుంది, తీగ వేడెక్కుతుంది. కారు కడిగిన తడి నేల మీద వైరు పరవొద్దు. ప్లగ్ పాయింటుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) రక్షణ ఉంటే మంచిది.

ప్లగ్ లేని చోట బ్యాటరీ డీఏ గతి. 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 90 వాట్-అవర్ శక్తి. మెషీన్ సగటున 250 వాట్లు లాగుతుందనుకుంటే ఇరవై నిమిషాలకు పైచిలుకు వస్తుంది. తక్కువ వేగంలో వ్యాక్స్ పరచడానికి ఒకటి రెండు బ్యాటరీలు సరిపోతాయి. కారంతా పాలిష్ చేయాలంటే మాత్రం ఛార్జర్ దగ్గర కూర్చోవడమే అవుతుంది.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో మెషీన్ తెప్పించుకోవాలనుకుంటే వోల్టేజి చూడండి. అక్కడివి 120 వోల్టులవి. ఇక్కడి 230లో నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజిని తగ్గించదు. మెషీన్ వాట్లకు మించిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మెషీన్‌కన్నా బరువు. పైగా మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరిగితే ఇక్కడ సరిపోయేవి వెతుక్కోవాలి. బ్రష్‌లు, స్విచ్ మీ ఊళ్లో దొరికే కంపెనీదే కొనడం తెలివి.

ప్లేటు, ప్యాడ్

డీఏకి 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేటు, దాని మీద ఐదున్నర లేదా 6 అంగుళాల ప్యాడ్. ప్యాడ్ ప్లేటుకంటే చుట్టూ కాస్త పెద్దదిగా ఉండి తీరాలి. వెల్క్రో మీద మధ్యకు అతికించకపోతే ఒక పక్క ప్లేటు అంచు బయటికొచ్చి పెయింటును గీరుతుంది.

ప్లేటు విడిగా కొంటే మర చూడండి. రోటరీలకు ఎక్కువగా ఎం14. డీఏలలో కొన్నిటికి ఎం8, కొన్నిటికి 5/16 అంగుళం. ఈ చివరి రెండూ కంటికి ఒకేలా ఉంటాయి, ఎందుకంటే 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. కానీ మర పళ్ల దూరం వేరు. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే అక్కడే ఆపేయండి. బలవంతంగా తిప్పితే స్పిండిల్ మర పోతుంది.

వ్యాక్స్‌కు ఫోమ్‌లో అన్నిటికన్నా మెత్తటి ఫినిషింగ్ ప్యాడ్ కావాలి. రంగు చూసి కొనొద్దు, ఒక కంపెనీ నలుపు మెత్తన అయితే ఇంకో కంపెనీ నలుపు గట్టిది కావచ్చు. వేలితో నొక్కి చూడండి, లేదా వివరణ చదవండి. వ్యాక్స్‌కు రెండు ప్యాడ్లు చాలు. వాటికి కాంపౌండ్ (పెయింటును అరగదీసే గరుకు పేస్టు) ఎప్పుడూ తగలనివ్వకండి. గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే వెల్క్రో అతుకు ఊడుతుంది.

డీఏతో వ్యాక్స్ చేసే తీరు

కారు కడిగి పూర్తిగా ఆరబెట్టాక, సన్నటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడిగి బానెట్ మీద నెమ్మదిగా రాయండి. గరుకు తగిలితే లూబ్రికెంట్ చల్లి క్లే బార్‌తో (అంటుకున్న మురికిని లాగే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద) తీయండి. గరుకు మీద వ్యాక్స్ పూస్తే ఆ మురికి లోపలే ఉండిపోతుంది. నల్ల ప్లాస్టిక్ బీడింగులు, రబ్బర్లు, బ్యాడ్జీలకు మాస్కింగ్ టేపు వేయండి.

రేకు చేతి వెనక పక్కకు చల్లగా తగలాలి. వేసవిలో ఉదయం ఏడు లోపు, లేదా పొద్దుటి నుంచీ నీడలోనే ఉన్న కారు.

ద్రవ వ్యాక్స్ అయితే ప్యాడ్ మీద సన్నటి గుణకారం గుర్తులా గీసి, స్విచ్ వేయకముందే ప్యానెల్ మీద నాలుగైదు చోట్ల అద్దండి. తర్వాత ప్యాడ్‌ను పెయింటుకు ఆనించి, వేగం 2లో పెట్టి స్విచ్ వేయండి. గాల్లో ఉండగా ఆన్ చేస్తే గోడ మీదికి కూడా చిమ్ముతుంది. ఎత్తేముందు ఆఫ్ చేయండి. ఒత్తిడి మెషీన్ బరువే. చెయ్యి సెకనుకు ఐదారు సెంటీమీటర్లు కదలాలి, ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా చాలు. ఈ వేగంలో ప్యాడ్ తిరుగుడు దాదాపు ఆగినా కంగారు పడకండి, వ్యాక్స్ పరచడానికి ఊపు చాలు. అదే పాలిష్ చేసేటప్పుడు వేగం 4–5 ఉండాలి, తిరుగుడు ఆగకూడదు. ప్లేటు మీద మార్కర్‌తో ఒక గీత గీసుకుంటే తిరుగుతోందో లేదో తెలుస్తుంది.

హ్యాచ్‌బ్యాక్ మొత్తానికి 25–30 మి.లీ. వ్యాక్స్ మించకూడదు. పెయింటు మీద లేత మబ్బులా కనబడితే సరి, తెల్లగా ముద్దలా కనబడితే ఎక్కువైనట్టే. ఎక్కువ పూసినంత మాత్రాన ఎక్కువ నిలవదు, అదంతా బట్టలోకే పోతుంది. వేలితో చిన్నగా రాయండి. వేలు వెళ్లిన దారి శుభ్రంగా మెరిస్తే తుడవచ్చు, నూనెలా అలికితే ఇంకాస్త ఆగండి. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ వల్ల ఇది డబ్బా మీద చెప్పిన సమయానికి రెట్టింపు పట్టవచ్చు. తుడవడం మాత్రం చేత్తోనే, మైక్రోఫైబర్‌తో. మెషీన్‌కు బట్ట చుట్టి తుడిస్తే బట్టలో చిక్కుకున్న ఒక్క ఇసుక రేణువు ప్యానెలంతా గీస్తుంది.

తేడా కొడితే

తుడిచాక చారలు మిగిలితే ఎక్కువ పూశారు, లేదా రేకు వేడిగా ఉంది. ఇంకో పలచటి పూత పూసి వెంటనే తుడిస్తే పాతది కరిగి వస్తుంది. నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల మరకలు ఆరితే మెత్తటి బ్రష్, ఆల్ పర్పస్ క్లీనరుతో రుద్దండి. ప్యాడ్ మధ్యలో వేడెక్కి వెల్క్రో ఊడుతుంటే వేగం, ఒత్తిడి రెండూ ఎక్కువన్నమాట.

రెండు వారాలకే నీళ్లు ముత్యాల్లా నిలవడం మానేస్తే తప్పు మెషీన్‌ది కాకపోవచ్చు. చాలా వ్యాక్సుల్లో ఉండే కార్నాబా అనే చెట్టు మైనం కరిగేది 82–86 డిగ్రీల దగ్గర. డబ్బాలో దానితోపాటు ఉండే నూనెలు, ఇతర మైనాలు అంతకన్నా ముందే మెత్తబడతాయి. మే నెలలో విజయవాడ, రామగుండం ఎండలో నిలిపిన ముదురు రంగు కారు బానెట్ ఆ వేడికి దగ్గర దాకా పోతుంది. అక్కడ వేసవికి సింథటిక్ సీలెంట్ (వ్యాక్స్‌లాగే పూసే కృత్రిమ పూత), చలికాలానికి కార్నాబా వాడండి. మెషీన్, ప్యాడ్, పద్ధతి రెండిటికీ ఒకటే. బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేసినా మచ్చలు పడి వ్యాక్స్ పని చేయనట్టు కనబడుతుంది.

సిరామిక్ కోటింగ్ లేదా పీపీఎఫ్ (పెయింటు మీద అతికించే పారదర్శక రక్షణ ఫిల్మ్) ఉన్న కారు మీద పాలిష్ పెట్టకండి, డబ్బు పెట్టి వేయించిన పొరే అరిగిపోతుంది. మ్యాట్ పెయింటుకు ఏ మెషీనూ వద్దు, ఒక్కసారి మెరిసిన చోటు మళ్లీ మ్యాట్ కాదు. డెంటింగ్ చేయించి కొత్తగా పెయింటు వేసిన ప్యానెల్ ఉంటే కనీసం నెల నుంచి రెండు నెలలు దాన్ని వదిలేసి మిగతా కారుకే వ్యాక్స్ చేయండి. కొత్త పెయింటులోని ద్రావకాలు పూర్తిగా బయటికి పోకముందే పైన మూసేస్తే అది మసకబారుతుంది.